పావురం ముట్టిన అన్నం

సూరత్ నగరంలో లింబాయత్‌లో ఆ మూడంతస్తుల బిల్డింగ్ మెట్ల మలుపులో ఎవరో పుణ్యాత్ములు దేవుళ్ల బొమ్మలున్న టైల్స్ అతికించారు. జనం అక్కడ ఉమ్మకుండా ఉండాలని. మన జనం ఏమన్నా తక్కువ తిన్నారా? దేవుడి మొహాన్ని తప్పించి, జానెడు పక్కకు జరిగి ఉమ్మారు. పోకచెక్కా సున్నం కలిపి నమిలిన మావా ఉమ్ము గోడ మీంచి ఎర్రగా జారి, మెట్టు అంచున గడ్డకట్టి, దాని మీద ఈగలు ముసురుతుంటే దేవుళ్లు చిరునవ్వుతో చూస్తూ ఉంటారు. వాళ్లకు వేరే దారి లేదు.

పై అంతస్తు చివరి గదిలో ఉండే ముత్యం మాత్రం చూస్తూ ఊరుకోడు. రోజూ డ్యూటీకి పోయే ముందు బకెట్, చీపురు, ఫినాయిల్ సీసా తెచ్చుకుని తన గుమ్మం నుంచి ఆ మలుపు దాకా కడుగుతాడు. ఆ వాసనకు ముక్కుకు తువ్వాల కట్టుకుంటాడు. మలుపు దాటి ఒక్క మెట్టు కూడా కడగడు. మలుపు దాకా మన వంతు అని తల్లి ఎల్లవ్వ చెప్పింది. ఆ కిందిది కింది వాళ్ల వంతు. వాళ్లు కడగరు సరిగదా, ముత్యం కడిగిన తడి ఆరకముందే పైకి వచ్చి మళ్లీ ఉమ్మిపోతారు. "నీకేమన్న మున్సిపాలిటోళ్లు జీతమిస్తున్నరా ముత్యం?" అని పళ్లికిలిస్తారు. "మా వంతు," అంటాడు ముత్యం. అంతకుమించి చెప్పడానికి అతనికి ఏమీ కనబడదు.

నలభై దాటిన మనిషి ముత్యం. తండ్రి కరీంనగర్ దిక్కు నుంచి సూరత్‌కు వచ్చి మరమగ్గాలు నడిపాడు. మనవాళ్లు వాటిని సాంచలంటారు, సాంచలుండే షెడ్డును ఖాతా అంటారు. తండ్రి తొందరగానే పోయాడు. ఎల్లవ్వ అదే ఖాతాలో కండెలకు దారం చుట్టి ముగ్గురు పిల్లలను సాకింది, చిన్నోడైన ముత్యాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ పనే నేర్పింది. ఆడవాళ్ల పని అని తోటి మగవాళ్లు వెక్కిరించినా ముత్యం అందులోనే ఉండిపోయాడు. కొత్తవాళ్లకు చెవులు పగిలిపోయే ఆ సాంచల చప్పుడు అతనికి హాయి. మనుషుల్లాగా అది పొద్దునొక మాట, సాయంత్రమొక మాట మాట్లాడదు.

చిన్నప్పుడు అతనికి మాటలు చాలా ఆలస్యంగా వచ్చాయి. ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఒకరి ఎంగిలి గ్లాసు పొరపాటున ముట్టుకుంటే చెయ్యి కడిగిందే కడుగుతాడు. డిండోలిలో ఉండే అక్క వినోద ఒకసారి తల్లినీ తమ్ముణ్ణీ వెంటబెట్టుకుని పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ ఓపికగా మాట్లాడి, దీన్ని ఆటిజం అంటారనీ, ఇది రోగం కాదు, పుట్టుకతో వచ్చిన తీరు అనీ హిందీలో చెప్పింది. ఎల్లవ్వకు అర్థమైనంత అర్థమైంది. వాడకట్టులో అడిగినవాళ్లకు మాత్రం తన మాటల్లో చెప్పింది: "ఏం లేదే. నా కొడుకుకు అబద్ధం రాదట. గంతే."

రాకపోవడం కాదు, అసహ్యం. అబద్ధం అతనికి ఎంగిలి లాంటిది. ఇంకొకరి నోట్లో నానిన ముద్దను తన నోట్లో పెట్టుకున్నట్టు ఉంటుంది. రూలు అట్లా కాదు. రూలు కడిగిన పళ్లెం. షేరింగ్ ఆటోలో వెనక ముగ్గురే కూర్చోవాలి, నాలుగోవాడు ఇరుక్కుంటే ముత్యం దిగి ఇంకో ఆటో కోసం నిలబడతాడు. ఎర్ర లైటు వెలుగుతుంటే అటునుంచి ఒక్క బండీ రాకపోయినా రోడ్డు దాటడు. పక్కనుంచి దాటిపోయేవాళ్లు వీడెవడురా అన్నట్టు చూస్తారు. వాళ్లెందుకు అట్లా చూస్తారో అతనికి తెలియదు. దానికీ తల్లి ఒక రూలు పెట్టింది: "ఎవలన్న నవ్వితే ఎందుకు నవ్విన్రని ఆళ్లను అడగకు బిడ్డా. ఇంటికొచ్చి నన్నడుగు." సాయంత్రం చాయ్‌లో ఖారి బిస్కెట్ ముంచుకుని తింటూ ఆమె ఒక్కొక్కటీ విప్పి చెప్పేది. పళ్లన్నీ పోయినా ఖారి మీద ఆశ పోలేదు ఆమెకు.

మొన్న వానాకాలంలో జ్వరం ముదిరి ఎల్లవ్వ చనిపోయింది. అడగడానికి ముత్యానికి మనిషి లేకుండా పోయింది.

పదోనాడు అందరూ తాపీ నది ఒడ్డుకు పోయారు. పెద్దకొడుకు నరహరి కర్మ చేశాడు. అతను సూరత్ అవతల కిమ్‌లో ఒక ఖాతాలో మాస్టరు, పది మంది చేత పని చేయించే మనిషి, గొంతు పెద్దది. టెంపోలో మటన్, అన్నం, గారెలు గంగాళాలతో దిగాయి. కుల సంఘం పెద్దమనిషి రాజమౌళి దగ్గరుండి విస్తరి వేయించి, అన్నం, కూర, గారె పెట్టించాడు. ముత్యం జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. అందులో ఖారి ఉంది.

"ఇది గూడ పెట్టుండ్రి. అవ్వకు ఇష్టం," అన్నాడు.

"శాస్త్రంల ఖారి బిస్కెట్ యాడుందిర?" అన్నాడు రాజమౌళి. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ముత్యం పొట్లం మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు రాజమౌళి అందరికీ వినబడేట్టు చెప్పాడు: "ఇనుండ్రి. కాకి ముట్టిందాక ఎవ్వలు మెతుకు ముట్టొద్దు. సచ్చిపోయిన మనిషి తినకముందు మనం తింటే, ఆమె ఆకలి మనకు సుట్టుకుంటది."

ముత్యం తల ఊపాడు. ఇది స్పష్టంగా ఉంది, అతనికి నచ్చింది.

కాని కాకి రాలేదు. ఆ రేవులో ఊరివాళ్లు పుణ్యానికని పొద్దున్నే జొన్నలు చల్లుతారు. అందుకని అక్కడ పావురాలదే రాజ్యం. బలిసిన పావురాలు జనం కాళ్ల మధ్యనే గునగునా నడుస్తుంటాయి. కాకులు దూరంగా వంతెన మీద కూర్చుని చూశాయి తప్ప దిగలేదు. ఎండెక్కింది. మటన్ వాసనకు అందరి నోళ్లలో నీళ్లు ఊరుతున్నాయి. ఎవరో అననే అన్నారు, ఎల్లవ్వకు ఏదో కోరిక మిగిలిపోయిందని. కాకి దిగకపోతే మనవాళ్ల ఆచారం అదే కదా. ఇంటివాళ్లు ఒక్కొక్కరే ముందుకు వచ్చి, చనిపోయిన మనిషికి మాట ఇవ్వాలి. ఆ మాట ఆమెకు నచ్చితే కాకి దిగి ముడుతుంది.

వినోద ముందుకు వచ్చి, పండుగ పండుగకు తమ్ముణ్ణి ఇంటికి తీసుకుపోతానంది. కాకి రాలేదు. ముత్యాన్ని ముందుకు తోశారు. "నేను మంచిగుంట అను," అన్నాడు రాజమౌళి.

"మంచిగుండుడంటే ఏం చెయ్యాలె?" అని అడిగాడు ముత్యం.

"అరె, ఊకె అనుర."

"తెల్వనిది ఎట్ల అనాలె పెద్దబాపు?"

మళ్లీ నవ్వులు. దినాల్లో కూడా ఇంత వినోదం దొరుకుతుందని మనవాళ్లకు ఎవరు నేర్పారో! రాజమౌళి విసుక్కుని నరహరి వైపు తిరిగాడు. "నీ తల్లి పానం సిన్నోని మీద కొట్టుకుంటుందిర. నువ్వియ్యి మాట."

నరహరి రెండు చేతులూ జోడించి, గుండు మీద కారుతున్న చెమటను తుడుచుకోకుండా, రేవంతా వినబడేట్టు అన్నాడు: "అవ్వా! ముత్యంను ఆ రూమ్‌లకెల్లి కదిలియ్య. నేను బతికున్నన్ని రోజులు ఆ రూమ్ వాడిదే. ఇగ ముట్టు తల్లీ!"

అదే సమయానికి విస్తరి దగ్గర ఒక రెక్కల చప్పుడు. పిట్ట వాలింది, రెండు మెతుకులు పొడిచింది. వెనకనుంచి ఎవడో "కాకి ముట్టింది!" అని అరిచాడు. ఆ అరుపు కోసమే కాచుకున్నట్టు అందరూ లేచారు. ముత్యం విస్తరికి అందరికంటే దగ్గరగా ఉన్నాడు. అతను చూసింది పావురాన్ని.

"అది పావురం," అన్నాడు. ఎవరూ వినలేదు. ఇంకా గట్టిగా అన్నాడు. విన్నవాళ్లు విననట్టు నటించారు. అప్పటికే నరహరి బంతిలో మొదటి వరుసలో కూర్చుని విస్తరి మీద నీళ్లు చల్లుకుంటున్నాడు.

ఆ తిండి చూడాలి. పొద్దుటి నుంచి కన్నీళ్లు తుడుచుకున్న చేతులు మోచేతుల దాకా మటన్ పులుసులో మునిగాయి. టెంపో వెనక సీసాలు తెరుచుకున్నాయి. తిన్న విస్తర్లు తాపీలోకి విసిరారు, అదే నీళ్లతో మూతులు కడిగారు, అదే నీళ్లలోకి ఖాండ్రించి ఉమ్మారు. ముత్యం రాజమౌళి దగ్గరికి పోయి నిలబడ్డాడు. "పెద్దబాపు, ముట్టింది కాకి కాదు," అన్నాడు. రాజమౌళి మూలుగ బొక్కను చీకుతూ, "నీకెందుకుర అయన్ని? కూసొని తిను," అన్నాడు. అతని గడ్డం మీంచి నూనె కారుతోంది. ముత్యం మొహం తిప్పుకుని, ఏమీ తినకుండా నడుచుకుంటూ ఇంటికి వచ్చేశాడు.

ఆ రోజు నుంచి అతను అన్నం మానేశాడు. రొట్టెలు, చాయ్, ఉడికించిన శనగలు. వినోద డిండోలి నుంచి క్యారియర్‌లో అన్నం తెచ్చినా ముట్టకుండా తిరిగి పంపేవాడు. తల్లి పోయిన దుఃఖం అనుకుని కొన్నాళ్లు ఊరుకుంది, తర్వాత విసుగొచ్చి తిట్టింది కూడా. అడిగితే చెప్పేవాడే. ఆమె "తిను" అని అరిచిందే తప్ప "ఎందుకు తింటలేవు" అని అడగలేదు. అన్నకు మాత్రం ముత్యం ఒకటికి రెండుసార్లు ఫోన్ చేశాడు. "అన్నా, ఆ నాడు ముట్టింది పావురం. మల్ల ఎప్పుడు పెడుదాం అవ్వకు?" అని. పెద్దకొడుకు చేయవలసిన పని కాబట్టి. "పెడుదాం తియ్," అని పెట్టేసేవాడు నరహరి.

దీపావళి ముందర ఒకరోజు నరహరి వచ్చాడు. వెంట ఒక లావుపాటి మనిషిని తెచ్చాడు. ఆ మనిషి మెట్ల మలుపులో దేవుళ్ల పక్కనే తీరిగ్గా ఉమ్మి, పైకి వచ్చి, చెప్పులతోనే గదిలోకి అడుగుపెట్టాడు. గోడలు తట్టి చూశాడు. కుండ మీద మూత తీసి, వేళ్లతో నీళ్లు కదిపి మరీ చూశాడు. ముత్యం ఆ కుండనూ, ఆ వేళ్లనూ చూస్తూ నిలబడ్డాడు. అతను పోయాక ముత్యం కుండెడు నీళ్లూ మోరీలో పారబోశాడు.

"రూమ్ అమ్ముతున్న. కాయితం నా పేరు మీదనే ఉన్నది," అన్నాడు నరహరి. "నువ్వు నా ఎంబడి కిమ్‌కు రా. ఖాతాల పని ఇప్పిస్త. పైన పోరగాళ్లుంటరు, ఆళ్లతోని పండొచ్చు."

ఆ పైగది ముత్యానికి తెలుసు. ఒకసారి ఒక రాత్రి అక్కడ పడుకోవలసి వచ్చింది. పగటి షిఫ్టు మనిషి ఏ పరుపు మీద పడుకుంటాడో, రాత్రి షిఫ్టు మనిషీ అదే పరుపు మీద పడుకుంటాడు. ఒకడు లేస్తాడు, ఆ వెచ్చదనం ఆరకముందే ఇంకొకడు వాలతాడు. దిండు మీద ఎవరిదో చొంగ, దుప్పట్లో ఎవరిదో చెమట, మూలన ఎవరిదో మావా డబ్బా. ఆ రాత్రంతా ముత్యం గోడకు ఆనుకుని నిలబడే తెల్లవారేదాకా గడిపాడు. ఇప్పుడు బతుకంతా అక్కడే అంటున్నాడు అన్న.

"నువ్వు అవ్వకు మాటిచ్చినవు," అన్నాడు.

నరహరి నవ్వాడు. "ఇచ్చిన. కాకి ముట్టిందా? పావురమని నువ్వే అన్నవు గద. ఫోన్‌ల గూడ అన్నవు. ముట్టలేదంటె అవ్వ నా మాట ఒప్పుకోలేదన్నట్టు. ఒప్పుకోని మాట నా మీద ఎట్లుంటది?"

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూశాం. ఆ తెప్పకు నిప్పు కూడా తమ్ముడి చేత్తోనే పెట్టించిన మనిషి నరహరి. ముత్యం ఆలోచించాడు. అన్న చెప్పినదాంట్లో ఒక్క అబద్ధమూ లేదు. అయినా అది ఎంగిలిలాగే ఉంది. అబద్ధం లేకుండా కూడా ఇంత కంపు కొట్టవచ్చని అతనికి అంతవరకు తెలియదు.

సంగతి తెలిసి వినోద అగ్గిమీద గుగ్గిలమైంది. నేరుగా సంఘానికి పోయి పంచాయితీ పెట్టించింది. ఆదివారం పొద్దున అందరూ కూర్చుంటారని కబురు వచ్చింది. శనివారం ఆమె ముత్యం గదికి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, అతని ఎదురుగా కూర్చుంది.

"తమ్మీ, జర నా మాటిను. రేపు పెద్దబాపు నిన్నే అడుగుతడు. నీ నోట అబద్ధం రాదని అందరికి తెలుసు, నువ్వేమంటె గదే ఖాయం. కాకి అను. ఒక్క మాట. రూమ్ నీకుంటది."

"అది పావురం అక్కా."

"నాకు తెల్సుర! అందరికి తెల్సు. ఆ నాడు అందరు కాకి అనలేదా? ఆళ్లు తినుటానికి అన్నరు, నువ్వు బతుకుటానికి అను."

ఆమె పోయాక ముత్యం అద్దం ముందు నిలబడ్డాడు. అక్క చెప్పింది కాబట్టి ప్రయత్నించాడు. "కాకి" అన్నాడు. ఉత్త కాకి అనడానికి ఏ ఇబ్బందీ లేదు. "కాకి ముట్టింది" అనబోతే నాలుక మడతపడింది. ఇంకొకరి నోట్లోంచి తీసిన ముద్ద. వాష్ బేసిన్ దగ్గరికి పోయి నోరు పుక్కిలించాడు. మళ్లీ అద్దం ముందుకు వచ్చాడు. కిమ్‌లో ఆ పరుపును తలచుకున్నాడు. అయినా రాలేదు. ఈ గదిలో తలుపు వెనక చెప్పుల స్థలం, కుండ స్థలం, తల్లి కూర్చున్న పీట స్థలం, అన్నీ అతనికి చీకట్లో కూడా తెలుసు. ఒక్క మాటతో అవి నిలబడతాయనీ తెలుసు. ఆ మాట తన దగ్గర లేదు.

ఆదివారం సంఘం హాలు నిండింది. పంచాయితీ అంటే మనవాళ్లకు ఎక్కడలేని తీరిక దొరుకుతుంది. ప్లాస్టిక్ కప్పుల్లో చాయ్ తాగి కప్పులు కిటికీలోంచి బయట పడేస్తూ, ఎవరు ఓడతారా అని చూస్తున్నారు. నరహరి తన వాదన చెప్పాడు. చెప్పడం బాగానే చెప్పాడు. కొందరు తలలూపారు కూడా. రాజమౌళి గొంతు సవరించుకున్నాడు.

"ముత్యం, లేచి నిలవడు. ఆ నాడు విస్తరి పక్కన ఉన్నది నువ్వే. కాకి ముట్టిందా, ఇంకోటి ముట్టిందా? నీకు కండ్లవడ్డది చెప్పు."

వినోద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తమ్ముడి మొహంలోకి చూస్తోంది. ముత్యం ఆమెను చూడలేదు. గోడను చూస్తూ చెప్పాడు.

"పావురం. మెడ పచ్చగ మెరిసింది. కాళ్లు ఎర్రగున్నయ్. ఒక కాలికి సాంచ దారం సుట్టుకొని ఏలు నల్లవడ్డది."

వినోద కొంగులో మొహం దాచుకుంది. నరహరి తొడ చరిచాడు. "ఇన్నరా? నేను జెప్తలే, వాడే జెప్తుండు!"

"అయితె కాకి ముట్టలేదన్నట్టు," అంటూ రాజమౌళి తీర్పుకు సిద్ధమయ్యాడు. "అసుంటప్పుడు ఇచ్చిన మాట..."

ముత్యం చెయ్యి ఎత్తాడు. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో దూరకుండా చెయ్యి ఎత్తి ఆగమని తల్లి నేర్పింది. రాజమౌళి ఆగి, "ఏంది?" అన్నాడు.

"ఒకటి అడగాలె. కాకి ముట్టిందాక ఎవ్వలు మెతుకు ముట్టొద్దని నువ్వే చెప్పినవు పెద్దబాపు. మరి మీరందరు ఎందుకు తిన్నరు?"

అతనికి నిజంగానే తెలియదు. ఆ రోజు నుంచి మనసులో నలుగుతున్న సంగతి అది. అవ్వ ఉంటే సాయంత్రం అడిగేవాడు. ఆమె లేదు కాబట్టి వాళ్లనే అడిగాడు.

గుమ్మడికాయల దొంగ అంటే ఒక్కడు భుజాలు తడుముకుంటాడు, ఇక్కడ హాలు హాలంతా తడుముకుంది. తలుపు దగ్గరున్న ఒకడు, "మేము సూడలే, ఎవలో కాకి అంటె తిన్నం," అని గొణిగాడు. ఆడవాళ్ల వైపు నుంచి ఒక ముసలామె గొంతు వణుకుతూ వచ్చింది: "అంటే ఎల్లవ్వ ఉపాసం ఉండంగ మనం బొక్కలు చీకినమా?"

రాజమౌళి మొహం మాడిపోయింది. "నువ్వు తినలేదా?" అని ముత్యాన్నే అడిగాడు, ఏదో ఒక దారి దొరుకుతుందేమోనని.

"తినలే. ఇప్పటిదాక అన్నం తినలే. కాకి ముట్టలేదు గద."

వినోద కొంగులోంచి మొహం ఎత్తింది. తాను తిట్టిన తిట్లు, తిరిగి వచ్చిన క్యారియర్లు, అన్నీ ఒక్కసారి ఆమె కళ్ల ముందుకు వచ్చాయి. ముత్యం ఇంకా చెబుతూనే ఉన్నాడు, ఎందుకంటే అడిగినదానికి జవాబు ఇంకా పూర్తికాలేదు. "అన్నను అడిగిన, మల్ల ఎప్పుడు పెడుదామని. పెడుదాం తియ్ అన్నడు. ఆ నాడు అందరికంటె ముందు తినుటానికి కూసున్నది గూడ అన్ననే."

కళ్లన్నీ నరహరి మీదికి తిరిగాయి. తమ తప్పు మోయడానికి ఒక మెడ దొరికితే జనానికి ఎంత ఊరటో! రాజమౌళి గొంతు పెంచాడు. "కర్మ చేసినోనివి నువ్వు. తల్లి తినకముందే తిన్నవా? చెప్పు నరహరీ. కాకినా? పావురమా?"

నరహరి మింగలేక కక్కలేక నిలబడ్డాడు. పావురమంటే గది వస్తుంది, కాని తల్లి ఆకలి మీద కూర్చుని మటన్ తిన్న కొడుకని కిమ్ దాకా, ఊరి దాకా పేరు పోతుంది. ఆ పేరుతో సంఘంలో ఒక్కడు తన గడప తొక్కడు.

"కాకే," అన్నాడు చివరికి.

"ఇనవడలే."

"కాకే పెద్దబాపు! కాకే ముట్టింది."

హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. ఇక చూడండి. "కాకే, నేను సూసిన," అని ఒకడు. "నల్లగ ఇంత పెద్దగుండె," అని ఇంకొకడు. "వంతెన మీదికెల్లే దిగింది," అని బొక్కలు చీకిన ముసలామె. పావురం నిలబడ్డచోటనే నల్లబడి, ముక్కు పెరిగి, కావు కావుమంది. కాకి ముట్టింది కాబట్టి మాట నిలిచింది, మాట నిలిచింది కాబట్టి గది ముత్యానిదేనని రాజమౌళి తీర్పు చెప్పాడు.

"కాదు, పావురం," అన్నాడు ముత్యం.

"నీ ఇల్లు నీకొచ్చిందిర! ఇగ నోరు మూసుకొని పో," అన్నాడు రాజమౌళి.

ముత్యం బయటికి వచ్చాడు. కిటికీ కింద చాయ్ కప్పుల కుప్ప మీద ఈగలు. వినోద వెనకనే పరుగెత్తుకొచ్చింది. అలవాటుగా భుజం మీద చెయ్యి వేయబోయి, గుర్తొచ్చి వెనక్కు తీసుకుంది.

"గెలిచినవు తమ్మీ," అంది.

"అందరు అబద్ధం చెప్పిన్రు అక్కా."

"చెప్తె చెప్పిన్రు. మన కోసమే గద."

"మన కోసం కాదు. తిన్నందుకు."

వినోద అతని పక్కన నడిచింది. ముత్యమే మళ్లీ అడిగాడు: "మరి ఇగ అవ్వకు ఎవలు పెడుతరు?" పెట్టవలసిన పెద్దకొడుకు పెట్టేశానని ఒట్టేసి కూర్చున్నాడు. మెట్ల దగ్గరైతే ఎవరి వంతు వారిది, కింది వాళ్లు కడగకపోతే ముత్యం వాళ్ల మెట్టు ముట్టడు. తల్లి ఆకలి అట్లా వదిలేసే మెట్టు కాదు. అన్న చేయనంటే అది తన వంతు. ఇంటికి పోయేదాకా ముత్యం దీన్నే తిప్పి తిప్పి చూశాడు, ఎక్కడా తప్పు కనబడలేదు.

మర్నాడు పొద్దున మెట్లు కడిగాక చాయ్ పెట్టాడు. తల్లి గ్లాసులో పోసి, ఖారి పొట్లం తీసుకుని డాబా మీదికి పోయాడు. పిట్టగోడ మీద ఆకు వేసి, ఖారిని చాయ్‌లో ముంచి, మరీ నానిపోకముందే తీసి పెట్టాడు. ఆమె అట్లాగే తినేది. పావురాలు రానే వచ్చాయి. తువ్వాల విసిరి తోలాడు. మళ్లీ వచ్చాయి, మళ్లీ తోలాడు. కరెంటు తీగ మీద ఒక కాకి కూర్చుని, మెడ పక్కకు వంచి చూస్తోంది, దిగడం లేదు.

మాట ఇవ్వాలి. మంచిగుంటానని ఇప్పటికీ అనలేడు, దాని అర్థం ఇప్పటికీ తెలియదు. తెలిసినవే చెప్పాడు.

"అవ్వా, మలుపు దాక మెట్లు కడుగుత. కుండ మీద మూత పెడుత. జరమొస్తె అక్కకు ఫోన్ చేస్త. ఎవలన్న నవ్వితె అక్కనడుగుత, ఆమెకు తెల్వకపోతె ఊకుంట. అబద్ధం చెప్ప. ఇంక నాకేం తెల్వది."

కాకి తీగ మీంచి దిగింది. పిట్టగోడ మీద రెండు గెంతులు వేసి, ఖారి ముక్కను ముక్కున కరచుకుంది. పోతూ పోతూ గోడ మీద రెట్ట వేసి మరీ పోయింది. చూసినవాళ్లు ఎవరూ లేరు, కాకి అని అరిచినవాళ్లూ లేరు. ముత్యం తడిగుడ్డ తెచ్చి, ముక్కుకు ఏమీ కట్టుకోకుండానే, ఆ రెట్టను శుభ్రంగా తుడిచాడు.

తర్వాత కిందికి వచ్చి, చేతులు కడుక్కుని, అన్నానికి ఎసరు పెట్టాడు.